పెత్రమాసకు ఇంటికెళ్లిన పిల్లలు

అనాథలకు చదువు చెబుదామని కంబోడియా వెళ్లాను. అంకోర్ వాట్ గుడికి దగ్గర్లోని సియెం రీప్ ఊళ్లో ఒక పిల్లల హోమ్. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం, మిగిలిపోయిన సెలవులు, ఏదైనా మంచిపని చెయ్యాలన్న తహతహ. ఫీజు కట్టి పాస్‌పోర్టు కాపీ పంపితే రమ్మన్నారు. ఆస్ట్రేలియాలో పరాయి పిల్లలతో పనిచెయ్యాలంటే ముందు నేరచరిత్ర తనిఖీ జరగాలి. ఆ హోమ్‌లో నేనెవరో ఏమిటో ఒక్కరూ అడగలేదు. అది నా మీద నమ్మకమనుకున్నాను.

గేటు దాటగానే ఏడెనిమిదేళ్ల పాప పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం దాకా వదల్లేదు. నా మనసు పొంగిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషికి పసిపిల్ల అలా అల్లుకుపోవడం మంచి లక్షణం కాదని, దగ్గరైనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోతుంటే పిల్లలు అలా తయారవుతారని తర్వాత చదివి తెలుసుకున్నాను. నా సొంత కూతురు అలా ఎవరి ఒళ్లోనో ఎక్కి కూర్చుంటే ఊరుకునేదాన్నా?

ఇంగ్లీషు నేర్పడం నా పని. నాకు ఖ్మేర్ ఒక్క ముక్క రాదు, పాఠం చెప్పడమూ రాదు. బొమ్మల కార్డు తిప్పకముందే పిల్లలంతా ‘ఆపిల్’ అని అరిచారు. ఆ పాప నోటుబుక్కు తెరిచి చూస్తే మొదటి పేజీలో ఏబీసీడీలు, పళ్ల పేర్లు. నాలుగు పేజీల తర్వాత మళ్లీ ఏబీసీడీలు, అవే పళ్లు, వేరే చేతిరాతలో. ఆ తర్వాత ఇంకో చేతిరాత. వచ్చిన ప్రతివాళ్లూ మొదటి నుంచే మొదలుపెట్టారు. నేనూ అదే చేశాను.

ఇంతలో పిచుం బెన్ వచ్చింది. మన పెత్రమాస లాంటిదే, ఇంచుమించు ఆ రోజుల్లోనే. పోయిన పెద్దలకు అన్నం ముద్దలు పెడతారు. ఆ ఉదయం హోమ్ సగం ఖాళీ. అనాథలు ఎక్కడికి వెళ్లారని అడిగితే, పండక్కి ఇళ్లకు అన్నారు. పాప కోసం వాళ్లమ్మ మోటార్‌సైకిల్ మీద వచ్చింది. అరిటాకులో చుట్టి వండిన జిగురు బియ్యం ముద్ద నా చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించింది. నన్ను తీసుకొచ్చిన టుక్‌టుక్ డ్రైవరు ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పాడు: ‘మా ఊళ్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ మీలాంటివాళ్లు వస్తారు కదా, అందుకే వదిలాను.’

ఆ తల్లి బిడ్డను దూరం చేసుకున్నది నాలాంటివాళ్ల కోసం!

2005 నుంచి 2010 మధ్య కంబోడియాలో ఇలాంటి హోమ్‌లు 75 శాతం పెరిగాయి. ఖ్మేర్ రూజ్ పాలనలో అక్కడ జరిగిన మారణకాండ 1979లోనే ముగిసింది కాబట్టి ఈ పెరుగుదలకు అది కారణం కాదు. వాటిలో ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. హోమ్ నడవాలంటే విదేశీయులు రావాలి, వాళ్లు రావాలంటే పిల్లలుండాలి. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, లాభం కోసం పిల్లల్ని ఇలా అనాథాశ్రమాలకు తరలించడాన్ని కూడా ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. నేను కట్టిన ఫీజు ఆ వ్యాపారంలోకే వెళ్లింది. వీటిలో కొన్ని నేను వెళ్లకముందే చదవగలిగి ఉండేదాన్ని. అవి అప్పటికే అచ్చులో ఉన్నాయి. వెతకలేదు.

ఈమధ్య మా ఆఫీసులో ఒకాయన కూతురు పన్నెండో తరగతి పూర్తిచేసి, ‘ఆంటీ, మీరు వెళ్లిన హోమ్ అడ్రసు ఇస్తారా’ అని అడిగింది. ఇవ్వలేదు. విమానం టికెట్టు, ఫీజు కలిపి ఎంతవుతుందో ఇద్దరం కాగితం మీద లెక్కేశాం. పిల్లల్ని కన్నవాళ్ల దగ్గరే ఉంచి చదివించడానికి పనిచేసే సంస్థలు అక్కడ ఉన్నాయని, ఆ డబ్బు వాళ్లకు పంపొచ్చని చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, ‘కానీ పిల్లల్ని చూడటం ఉండదు కదా ఆంటీ’ అంది.

నేనూ అందుకే వెళ్లానమ్మా, అన్నాను.