ఉగ్గుగిన్నె వ్యాఖ్య

మూలము

…రు మాసములు నిండిన శిశువునకు కుటుంబ భోజనమునే తగు మార్పులతో క్రమముగా అలవాటు చేయవలెను.

అవతారిక

మనవరాలికి టీకా వేయించడానికి పిల్లల ఆసుపత్రికి వెళ్తే, టీకా వేసి, వచ్చేటప్పుడు ఈ మూలం చేతిలో పెట్టి పంపారు. నున్నటి కాగితం. ముందువైపు బొద్దుగా నవ్వుతున్న పిల్లవాడు, వాడి కింద ఈ వాక్యం. వెనకవైపు రంగుల బొమ్మల్లో అవకాడో, క్వినోవా, బ్లూబెర్రీ. మాది గుంటూరు. ఈ మూడింట్లో ఒక్కదాని మొహమైనా మా వీధికి వచ్చే కూరల బండి అతను చూసి ఉండడు.

ఇంటికొచ్చాక మా కోడలు కాగితం రెండుసార్లు చదివింది. “మామయ్యగారూ, ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పారుగా, ఈ తగు మార్పులంటే ఏమిటో కాస్త చెప్పండి” అంది. అప్పటికి కుక్కర్ మూడు విజిల్స్ వేసి ఊరుకుంది. అది చల్లారి మూత వచ్చేలోపు చెప్పేద్దామనే కూర్చున్నాను.

పాఠ నిర్ణయం

మొదటి పదంలో చివరి అక్షరం తప్ప మిగతాది లభ్యప్రతిలో లేదు. చెద తినలేదు, మనవరాలు తింది. అందువల్ల ఆరా, పదహారా, నూరా అన్న సందేహం కలుగుతోంది. నూరు మాసాలంటే ఎనిమిదేళ్ల నాలుగు నెలలు, ఆ వయసువాణ్ణి శిశువంటే వాడే ఊరుకోడు. ‘పదహారు’ పాఠాన్ని మా మేనత్త బలపరిచింది. వాళ్ళ రోజుల్లో ఏడాది దాటేదాకా పాలే ఇచ్చేవాళ్ళట.

‘ఆరు’ అన్న పాఠానికి మూడు ప్రమాణాలున్నాయి. గృహ్యసూత్రకారులు అన్నప్రాశనను ఆరో నెలలో విధించారు. ప్రపంచ ఆరోగ్య సభ 2001లో ఆరు నెలలదాకా తల్లిపాలే చాలునని తీర్మానించింది, అంతకుముందు నాలుగు నుంచి ఆరు అని చెబుతుండేవారు. మూడోది నా సొంతం. ‘శిశువునకు’ అన్నది షష్ఠీ విభక్తి. చతుర్థి అని చాలామంది పొరబడతారు గాని కొఱకున్, కై చతుర్థి. కిన్, కున్ షష్ఠి. షష్ఠి అంటే ఆరోది. పిల్లల్ని కాచే దేవత పేరు కూడా షష్ఠే. మూలంలోనే ఇంత సాక్ష్యం ఉండగా వేరే వెతకనేల?

ఇది చెప్పగానే కోడలు, “ఆరని నాకూ తెలుసండీ” అంది.

ఆరే ఎందుకంటే, పుట్టేటప్పుడు తల్లి దగ్గర తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆ వేళకి అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల అన్నది ముహూర్తాలు పెట్టేవాళ్ళ ఏర్పాటు. వ్యాకరణంలో శిశువు అమహద్వాచకం, మగైనా ఆడైనా ‘అది’ అనే అంటాం. ఇనుముకూ ఆ భేదం తెలియదు.

ఇక్కడొక ప్రమాణ విరోధం. సూత్రకారుడు ఆ మొదటి ముద్దలో పెరుగు, నెయ్యితో పాటు తేనె కూడా కలపమన్నాడు. ఏడాదిలోపు పిల్లకి తేనె కూడదని వైద్యులంటారు. తేనెలో ఉండగల బొటులిజం బీజాలు పసి పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఈ సంగతి వైద్యులకే 1970లలో బయటపడింది, సూత్రకారుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. వైద్యుడే గెలిచాడు. మేనత్త ఒప్పుకోలేదు. తేనె సీసా తీసి పై అరలో పెట్టాను. ఈ వ్యాఖ్య మొత్తంలో నేను చేతులతో చేసిన పని అదొక్కటే.

నిండిన: స్పష్టము.

కుటుంబ భోజనమునే: కుటుంబము యొక్క భోజనము, షష్ఠీ తత్పురుష. మళ్ళీ షష్ఠి. చివరి ‘ఏ’ అవధారణార్థకం, అంటే ఇదే గాని మరొకటి కాదని. డబ్బాలో పొడుల్ని ఈ ‘ఏ’ గెంటేస్తుంది. వాటి ప్రకటనల్ని 1992 నాటి చట్టానికి 2003లో చేసిన సవరణ ఎప్పుడో గెంటేసింది. మరి కాగితం వెనక అవకాడో ఎందుకున్నట్టు? ముందున్న మాటను వెనకున్న బొమ్మ కొట్టేస్తోంది. దీన్ని స్వవచన వ్యాఘాతం అంటారు. అచ్చు వేయించేముందు కాగితాన్ని ఒక్కసారి తిప్పి చూసుకోకపోవడం అని కూడా అంటారు.

మార్పులతో: ఇక్కడ కొంచెం విస్తరించక తప్పదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టినవాడు కోలాచలం మల్లినాథసూరి. ఆయనది మెదక్ జిల్లా కొల్చారం, అంటే మెతుకుసీమ. మెతుకుసీమవాడు గనక ఎక్కడ నలపాలో ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. నాది డెల్టా. నీళ్లకు కొదవలేదు.

భోజనాన్ని మార్చడమంటే పాకం మార్చడం. కవిత్వాన్ని నాలుకతో కొలిచిన జాతి మనది. నోట్లో వేసుకుంటే కరిగేది ద్రాక్షాపాకం, తొక్క ఒలుచుకునేపాటి శ్రమ పెట్టేది కదళీపాకం, పగలగొడితే గాని అందనిది నారికేళపాకం. భారవి మాటల్ని కొబ్బరికాయతో పోల్చింది మల్లినాథుడే. చూడండి, పసిపిల్లకి అన్నం అలవాటు చేసే వరస అచ్చంగా ఇదే కదా! ఆరు నిండగానే నాలుక మీద జారేది, ఎనిమిదీ తొమ్మిదీ వచ్చేసరికి చిగుళ్ళతో నొక్కి మింగేది, ఏడాదికి కొరికేది. ఆ మాట ఒక్క ఆలంకారికుడూ రాయలేదు. వాళ్ళలో ఎవరూ పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ముద్ద పెట్టిన పాపాన పోలేదు కాబోలు. అన్నట్టు, అసలు ద్రాక్షపండు మాత్రం గుండుగా పిల్ల నోట్లో పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. అలంకారశాస్త్రంలో అన్నిటికన్నా సులువైనది గొంతులో అంత ప్రమాదం.

పాకాలు మూడేనా? రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది లెక్కపెట్టాడు. వేప, రేగు, ద్రాక్ష, వంకాయ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి. మూడేసి చొప్పున విడదీసి, ప్రతి మూడింట్లో మొదటిదాన్ని వదిలెయ్యమన్నాడు, నడిమిదాన్ని సంస్కరించుకోమన్నాడు, చివరిదాన్ని స్వీకరించమన్నాడు. ఆ లెక్కన వంకాయ వేప, పోకల సరసన వెలివాడలో పడింది. మొదట ఓ మోస్తరు, చివర చప్పన అని దాని మీద అభియోగం. అంతకుముందే కాశ్మీరదేశపు వామనుడు వృంతాకపాకమని పేరుపెట్టి మరీ వంకాయను తిట్టాడు. సుప్పులూ తిఙ్ఙులూ, అంటే విభక్తులూ క్రియాప్రత్యయాలూ, సక్రమంగానే ఉండి విషయంలో పస లేని కావ్యం అదీ, జనం ఏవగించుకుంటారూ అన్నాడు.

వంకాయనా ఏవగించుకునేది? లేత గుండ్రటివి, గుప్పిట్లో నాలుగు పట్టేవి ఏరుకుని, తొడిమ ఉంచి, అడ్డంగా నిలువుగా చీరి ఉప్పునీళ్లలో వేసి, ఎండుమిరపకాయలూ ధనియాలూ వేరుశెనగపప్పూ వేయించి నూరిన కారం కూరి, నూనెలో సన్నసెగ మీద తొడిమ దాకా మగ్గనిస్తే, దానికి చివర చప్పనెక్కడిది? పళ్లెంలో చివరికి మిగిలేది తొడిమే. దాన్నీ చీకకుండా వదిలినవాణ్ణి మా ఇంట్లో చూడలేదు. ఆ మహానుభావుల తప్పు కూడా లేదు. వాళ్ళ కాలానికి మిరపకాయ ఈ దేశానికి రాలేదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి, పదహారో శతాబ్దంలో ఇక్కడ దిగింది. వేరుశెనగదీ ఆ ఖండమే. ఆ రెండూ లేని వంకాయను తిని తీర్పు చెప్పారు. పై కోర్టుకి పోవలసిన కేసు.

మనవరాలి సంగతి మరిచాను.

అయినా ఈ ప్రసంగం వృథా కాదు. మల్లినాథుడి వంటింట్లో కారమంటే మిరియాలే కనుక, పిల్లకి తీసేటప్పుడు ఆ ఒక్కటి పక్కన పెడితే సరిపోయేది. గుంటూరు వంటింట్లో కారం పక్కన పెడితే ఏం మిగులుతుంది? కోడలు అడిగిన ప్రశ్న ఇదే. కాగితం రాసినవాళ్ళు దాటేసిన ప్రశ్న కూడా ఇదే.

మార్పు గురించి రాజశేఖరుడి పుస్తకంలో ఒక్క ఆడమనిషి మాట ఉంది. ఆయన భార్య అవంతిసుందరిది. పెట్టిన మాట మరి కదలకపోవడమే పాకమని పండితులు అంటే, అది పాకం కాదు, మార్చలేని అశక్తత అందావిడ. ఒకే విషయాన్ని పలురకాలుగా దించడం చేతనైతేనే ప్రతిభ అని ఆవిడ భావం. ఒకే కుక్కర్లోంచి నాలుగు రకాల నాలుకలకు వడ్డించినవాళ్ళు అనవలసిన మాట.

తగు: వ్యాఖ్య అంతా దీనికోసమే. తగు అనగా తగినట్టి. తగినట్టి అనగా తగు. ఇంతకు మించి ఏ నిఘంటువూ పోదు. ఆఫీసు తెలుగుకు ప్రాణమైన మాట ఇది. అర్జీ పెడితే ‘తగు చర్యలు తీసుకొనబడును’, కాలువ తెగితే ‘తగు జాగ్రత్తలు తీసుకొనవలెను’. చెప్పవలసిన చోట చెప్పకుండా, చెప్పినట్టు కనిపించడానికి ఇంతకన్నా పొట్టి సాధనం ఇంకా కనిపెట్టలేదు. శాస్త్రంలో దీన్ని అజాగళస్తనం అంటారు. మేక మెడకింద వేలాడే చన్ను. పాలకోసం ఏడుస్తున్న పిల్ల ఇంట్లో ఈ న్యాయం నవ్వులాటకి చెప్పడం లేదు. ఎంత నలపాలి, ఉప్పు వెయ్యాలా, కారం ఎప్పుడు, నెయ్యి వచ్చా అని రాత్రి పన్నెండింటికి ఫోన్ పట్టుకుని వెతుక్కుంటున్న అమ్మాయికి అచ్చువేసి ఇచ్చిన జవాబు ‘తగు’. విభక్తులన్నీ ఉన్నాయి, క్రియ ఉంది, విషయం లేదు. వామనుడి లక్షణం దీనికి సరిపోతుంది. ఆయన వంకాయని అనవసరంగా లాగాడు గాని రోగం సరిగ్గానే పట్టాడు.

క్రమముగా: అంకెలు లేని క్రమం క్రమం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది. రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పావు లీటరు గిన్నెలో సగం దాకా పెంచాలి. మొదట రోజుకి రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. మా మేనత్త పప్పు మీద తేరిన కట్టు ఒక గిన్నెడు పట్టించి, కడుపు నిండింది చూడరా అంటుంది. నిండింది నీళ్ళతో. అంత చిన్న పొట్టలో చోటు దండగ చెయ్యకూడదు. అయితే చిక్కగా పెడితే మింగదు కదా అంటే, దానికీ పాతవాళ్ళ దగ్గరే ఉపాయముంది. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండి కాస్తే జావ పలచబడుతుంది. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొట్టడం వల్ల అదే చెంచాలో ఎక్కువ పిండి పడుతుంది. రాజశేఖరుడు సంస్కారమన్నది దీన్నే అయితే ఆయనతో నాకు పేచీ లేదు. ఇది చెబితే మేనత్త మెత్తబడి, “నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాగా” అంది. చెప్పలేదు.

అలవాటు చేయవలెను: విధ్యర్థకం. ఎవరు చేయవలెను? వాక్యంలో కర్త లేడు. మూలం మొత్తం వెతికాను, మనవరాలు తిన్న మూలలో పట్టేంత చోటు లేదు. కనుక ఊహించుకోవాలి. పిల్ల తండ్రా? అతనికి ఆఫీసు, ఆ తర్వాత ఆఫీసు ఫోను. తాతా? ఆయన టీకా రాస్తున్నారు. మేనత్త? ఆవిడ చెబుతుంది, చెయ్యదు. ఆసుపత్రివాళ్ళు? వాళ్ళు ‘తగు’ అనేసి చేతులు కడుక్కున్నారు. పారిశేష్య న్యాయాన మిగిలింది ఒక్కరే. రాత్రి మూడుసార్లు లేచి, పొద్దున్నే అందరికీ వండి, అందులోంచి పిల్లకి విడిగా తీసి, నలిపి, పిల్ల ఉమ్మేస్తే తుడిచి, పిల్ల బరువు పెరగకపోతే మాట పడేది కూడా ఆ ఒక్కరే. చెప్పడానికి అంతమంది కర్తలుండి, చెయ్యడానికి కర్త లోపించడం మన భాషలో వింతేమీ కాదు. చిన్నయసూరి దీనికి సూత్రం రాయలేదు. బాలవ్యాకరణమని పేరు పెట్టాడు గాని అందులో బాలలకు మింగుడుపడేది ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే తెలంగాణ అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి నెలకి రెండున్నర కిలోల చొప్పున ఇచ్చే బాలామృతం నయం, పేరుకి తగ్గ పని చేస్తుంది. తగ్గ అన్నాను, తగు అనలేదు.

తాత్పర్యము

ఇంతలో కుక్కర్ చల్లారింది. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి కోడలు మూత తీసింది. పప్పులో పచ్చిమిరపకాయలు లేవు. “ఎప్పుడూ కుక్కర్లోనే వేస్తావుగా అమ్మా” అన్నాను. “పది రోజుల్నుంచి పోపులో వేస్తున్నాను మామయ్యగారూ, మీరు గమనించలేదు” అంది. ఉప్పు డబ్బా మూత ఇంకా తియ్యలేదు. పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పి, రెండు గరిటెలు ఉగ్గుగిన్నెలోకి తీసింది. అడుగున బాగా ఉడికిన అన్నం కాస్త వేసి, వేళ్ళతో మెతుకు కనిపించకుండా మెదిపి, అరచెంచా నెయ్యి కలిపి, మణికట్టు మీద పెట్టి వేడి చూసుకుంది. ఆ తర్వాత మాకోసం ఉప్పు వేసి, పసుపూ మిరపకాయలూ ఇంగువా వేసి పోపు పెట్టింది. తగు మార్పులంటే ఇవీ. ఉప్పు వెయ్యకముందు పిల్లకి తియ్యడం, మిరపకాయని ఒక మెట్టు ఆలస్యం చెయ్యడం. కాగితంలో ఒక్క పంక్తి పట్టేది.

ఉగ్గుగిన్నె నా చేతికిచ్చి, “కర్త లోపించాడన్నారుగా, కూర్చోండి” అంది. కూర్చున్నాను. నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాయి, రెండు నా పంచె మీద పడ్డాయి. అడుగున మిగిలింది నేను నాకి చూశాను. ఉప్పు లేదు, కారం లేదు, నాకు నచ్చలేదు. మనవరాలు మళ్ళీ నోరు తెరిచింది.