మంద నడిపే మహానుభావులు

అయితే ఇక మన మేనేజర్లందరూ గొర్రెల కాపరులన్నమాట. సంతోషం. మొన్నటిదాకా కెప్టెన్లు, అంతకుముందు కోచ్‌లు. ఇప్పుడు చేతికి కర్ర కూడా వచ్చింది. హోటల్ హాళ్లలో పెట్టే నాయకత్వ శిక్షణల్లో పచ్చిక బయళ్ల స్లైడు వేసి, బైబిలులోని 23వ కీర్తన గుర్తుచేసి, మీ టీమే మీ మంద అంటున్నారు. గొర్రెలుగా ఉండటం టీముకు సమ్మతమేనా అని ఎవరూ అడిగినట్టు లేదు.

ఎవరడిగారు గనక! బాబిలోను రాజు హమ్మురాబి తన శాసనం మొదట్లోనే తాను దేవతలు ఏరికోరిన కాపరినని చెక్కించుకున్నాడు. ఫరోలు కొంకికర్ర పట్టుకుని బొమ్మలు గీయించుకున్నారు. గ్రీకు కవి హోమర్ జనుల కాపరి అని కీర్తించిన రాజు అగమెమ్నాన్, తన మొండితనంతో సొంత సైన్యం మీదికే మహమ్మారి తెచ్చాడు.

నాకు ఒక్కటే సందేహం. కాపరి గొర్రెను మేపేది ఎందుకు? ప్లేటో ‘రిపబ్లిక్’ మొదటి భాగంలోనే థ్రాసిమాకస్ అనే పెంకివాడు సోక్రటీస్‌ను ఇదే నిలదీశాడు: కొవ్వించేది గొర్రె మేలు కోసమా, యజమాని మేలు కోసమా అని. కాపరి విద్య వేరు, సంపాదన విద్య వేరు అని సోక్రటీస్ సర్దిచెప్పాడు. గొర్రె వింటే నమ్మే జవాబు కాదది.

ముల్లు గుచ్చుకుంటే తీసి, పుండైతే మందు రాసి పెంచిన మనిషే, బేరం కుదిరాక పొట్టేలును చెవి పట్టుకుని అప్పగిస్తాడు. అందులో ద్రోహం లేదు, అది ఆయన బతుకుతెరువు. ప్రేమా నిజమే, సంతా నిజమే. స్లైడులో మాత్రం సంత కనపడదు.

రోము చక్రవర్తి టైబీరియస్ నయం. పన్నులు పెంచమన్న గవర్నర్లకు, మంచి కాపరి ఉన్ని కత్తిరిస్తాడే గాని తోలు ఒలవడని రాశాడట. అంటే కత్తిరింపు ఖాయమే. మన అప్రైజల్ లెటర్లు ఆయన డ్రాఫ్ట్ చేసినట్టే ఉంటాయి.

తొంభై తొమ్మిదింటిని వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లే ఉపమానం కూడా వినిపిస్తున్నారు. ఆ లెక్కన టార్గెట్లు ఎలా వేస్తారో!

వేళాకోళం చాలు. బైబిలును ఎత్తుకొచ్చేవాళ్లు యెహెజ్కేలు 34వ అధ్యాయాన్ని ఎందుకు వదిలేశారు? కొవ్వు తిని, ఉన్ని కప్పుకుని, జబ్బుపడ్డదాని వైపు చూడని కాపరుల మీద, అంటే ఇశ్రాయేలు పాలకుల మీద, అక్కడ నిప్పులు కురిశాయి. మందను వాళ్ల చేతిలోంచి లాగేసుకుంటానని దేవుడే అంటాడు. ప్రవక్త రాసింది ఛార్జిషీటు. దాన్ని మీరు సన్మానపత్రం చేసి ఫ్రేము కట్టుకున్నారు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో మంచి కాపరి ప్రాణం పెడతాడు, జీతగాడు తోడేలును చూసి పారిపోతాడు. మీ ప్రాణం ఎవరికి కావాలి? గడ్డుకాలంలో బోనస్ వదులుకున్నవాడిని ఒక్కడిని చూపించండి. పారిపోయినా బాగుండేది. మీరే దగ్గరుండి తలలు లెక్కపెట్టి తోడేలుకు ఇస్తున్నారు. ఇంటి లోను, పిల్లల ఫీజులు నెత్తినున్న మనిషికి తెల్లారేసరికి లాగిన్ పనిచేయదు. సిగ్గుండాలి.

కాపరితనం నేర్చుకోవడానికి హోటల్ హాలు దేనికి? గొంగడి కప్పుకుని చేలో మందతోపాటే పడుకునే గొల్లకురుమల వెంట నెల రోజులు నడవండి. ఫీజు వాళ్లకే కట్టండి. వాళ్లూ గొర్రెను అమ్ముతారు. కానీ అమ్మామనే చెప్తారు, కొత్త అవకాశాల వైపు సాగనంపాం అనరు.