చక్రనాడీవైద్యుడు

నాగర్‌కర్నూలు త్రోవయు వనపర్తి త్రోవయు కలియు బిజినేపల్లిలో, చాయ్ దుకాణము ముందర, ఒక కాలు పొట్టిదైన బల్లపై, చెవి రోడ్డువైపునకు ఒగ్గి కూర్చుండు పెద్దమనిషి నొకని మీరు చూచియే యుందురు; మీరు చూడకున్నను, మీ కారు అటు పోయియున్నచో, ఆయన మిమ్ము వినియుండును. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మండలము మహబూబ్‌నగర్ జిల్లాను వీడి క్రొత్తగా నేర్పడిన నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది గాని, ఆయన ఆ బల్లపైనుండి జరుగలేదు.

ఆయన మెకానిక్కు కాడు. ఆ మాట పొరపాటున నన్నచో మిక్కిలి నొచ్చుకొనును. స్పానరు పట్టువాడు కూలివాడనియు, చప్పుడు పట్టువాడు పండితుడనియు ఆయన సిద్ధాంతము. యౌవనమున కొన్నియేండ్లు లారీపై క్లీనరుగా తిరిగి, డ్రైవరు తిట్లతోపాటు ఇంజను మూలుగులనుగూడ కంఠస్థము చేసినవాడగుటచే, నాటినుండి నేటివరకు ఒక్క నట్టునైనను స్వహస్తముతో విప్పకయే, బిజినేపల్లి మీదుగా పోవు సమస్త వాహనజాతికిని నాడి చూచుచున్నాడు. ఇట్టివారు ఒక్క బిజినేపల్లిలోనే యున్నారనుకొనుట అజ్ఞానము. జడ్చర్లలో నొకరు, కొత్తకోటలో నొకరు కలరు. కాని వారి శాస్త్రము అసంపూర్ణమని ఈయన నాతో రహస్యముగా జెప్పెను.

నాకు ఆయనతో పరిచయము ఒక శనివారమునాడు కలిగినది. నందివడ్డెమానులోని శనైశ్చరునకు తైలాభిషేకము చేయింపవలెనని మా ఇంటియామె పట్టుపట్టగా, నువ్వులనూనె సీసాను ఆమె యొడిలో నుంచి, మా ముసలి మారుతీని బయలుదేరదీసితిని. రోడ్డు తిన్నగా నున్నంతసేపు బండి మౌనవ్రతము పాటించెను. మలుపు వచ్చినంతనే ముందరి చక్రమునుండి టక్కు టక్కుమని, ఎవరో లోపల గచ్చకాయ లాడుచున్నట్లు, ఒక ధ్వని బయలుదేరెను. చాయ్ దుకాణమువద్ద బ్రేకు త్రొక్కగా ఇంకొక టక్కు వినబడెను. నేను తలుపు తీయకమునుపే ప్రశ్న వచ్చినది.

"ఏం సారూ, ఎన్ని దినాల సంది సప్పుడు?"

నాలుగు దినములైనదంటిని.

"బిరేకు తొక్కితే వస్తదా, ఇస్టీరింగు తిప్పితే వస్తదా?"

రెంటికిని వచ్చుచున్నదంటిని.

"రెండు కలిపి చెప్పకు సారూ. కడుపు నొస్తుందంటే డాక్టరు ఏమడుగుతడు? తిన్నంక నొస్తదా, తినకముందు నొస్తదా అంటడా, అనడా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే యని నేను ఒప్పుకొనక తప్పలేదు. ఆయన శాస్త్రమున చప్పుళ్లకు జాతులు, ఉపజాతులు కలవు. బ్రేకు త్రొక్కిన క్షణమున ఒక్కసారి మాత్రమే టక్కుమని యూరకుండునది 'పండ్లు కదిలిన సప్పుడు': అనగా బ్రేకు పాడ్లను పట్టియుంచు క్లిప్పులు ఊడగా, పాడ్లు తమ గూటిలో ముందునకు జరిగి కొట్టుకొనుట. బండి నిలిచియుండగా స్టీరింగు త్రిప్పినపుడు వచ్చునది 'మెడ పట్టిన సప్పుడు': షాకబ్సరు నెత్తినున్న బేరింగు అరిగినదని అర్థము. తిన్నని బాటలోగూడ వేగముతోపాటు పెరుగునది 'చెప్పుల రాయి సప్పుడు'. దానికి వైద్యము, టైరు గాడిలో నిరుకుకొన్న గులకరాతిని మొలతో పెరికివేయుట. మలుపులో, అందును ఆక్సిలరేటరు త్రొక్కినపుడు, చక్రము తిరిగిన లెక్కకు వచ్చునది 'మోకాలి సప్పుడు'. ఈ కడపటి పేరు పలుకునపుడు ఆయన స్వరము తగ్గును, కన్నులు అర్ధనిమీలితములగును.

ఆ భక్తికి కారణము లేకపోలేదు. ఆయన విద్య నేర్చిన కాలమున అంబాసిడరు, పద్మినీ కార్ల ముందరి చక్రములు మలుగుట మాత్రమే యెరుగును. బండిని నడుపు శ్రమ వెనుక చక్రములది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి, లాగుటయు మలుగుటయు ముందరి చక్రములకే యొప్పగించినది. ఒక్క కోడలే నీళ్లు మోసి, వంట వండి, పైపెచ్చు అత్త పిలిచిన దిక్కునకెల్ల తిరుగవలసి వచ్చినట్లయినదని ఆయన ఉపమానము. ఇరుసు వంగియు, వేగము తప్పక తిరుగుటకై ఆల్ఫ్రెడ్ ర్జెప్పా అను ఇంజనీరు 1926లో కనిపెట్టిన కీలు ఈ కోడలి మోకాలు. గాడులలో ఆరు ఉక్కుగుండ్లు, వానిని పట్టియుంచు పంజరము, నిండ గ్రీజు, పైన మడతల రబ్బరు బూటు. బూటు చినిగెనా, గ్రీజు చక్రము లోపలివైపున చిందిపోవును. పాలమూరి యెర్రదుమ్ము లోనికి జొచ్చి ఆ గుండ్లతో సహవాసము చేయును. ర్జెప్పా పేరు మన వైద్యుడు ఎరుగడు. 'ఆరు గోలీల డబ్బ' అనును. ఆ ఇంజనీరు విన్నచో నొచ్చుకొనడనుకొందును.

పరీక్ష మొదలైనది. ప్రక్కనున్న ఖాళీ జాగాలో స్టీరింగును కడవరకు త్రిప్పి, బండిని మెల్లగా గుండ్రముగా నడుపుమని ఆజ్ఞయైనది. నేను తిరుగుచుండగా, ఆయన నడుము వంచి, అరచేయి చెవికి డొప్పగా జేర్చి, చక్రముతోపాటు అడుగులు వేయుచు వచ్చెను. ఆయనవెంట పిల్లలు, పిల్లలవెంట ఒక కుక్క. లోపల నూనెసీసాతో మా ఇంటియామె. దేవుడు బయటనే యుండి, మేము ప్రదక్షిణము చేయుచున్నట్లు దూరమునుండి చూచువారికి తోచియుండును. మూడవ చుట్టులో తీర్పు వెలువడినది. ఎడమకు మలిపినపుడు మోగుచున్నది గాన వ్యాధి కుడి చక్రమునది. అయినను ఎడమదియు కావచ్చును. లింకురాడ్డు కావచ్చును, లోవర్ ఆర్మ్ బుష్షు కావచ్చును, చక్రపు నట్లు వదులై యుండవచ్చును. పాలెమునకు విత్తనములకై పోవుచు చాయ్‌కి ఆగిన ఒక ముసలిరైతు, ఇరుసుకు కందెన లేకుండిన ఎడ్లబండియైనను ఇట్లే అరచునని మధ్యలో ననగా, వైద్యుడు ఆయనవంక జాలితో చూచి, కందెననుగూడ జాబితాలో జేర్చుకొనెను. మొత్తము తొమ్మిది రోగములు తేలినవి.

అంతలో ఎదుటి షెడ్డునుండి ఇరువదేండ్ల కుర్రవాడొకడు, ఎవరు పిలిచిరో తెలియదు, జాకీతో వచ్చి, బండి నెత్తి, మాటలాడక క్రిందికి దూరెను. వెలుపలికి వచ్చినప్పుడు వాని చూపుడువ్రేలిపై ఇసుక కలిసిన నల్లని గ్రీజు ఉండెను.

"కుడి దిక్కు బూటు చినిగింది సార్. గోలీలు అరిగినయి. ఇప్పుడు గ్రీజు ఏసినా సప్పుడు పోదు, జాయింటే మార్చాలె. బిరేకుకు వచ్చేది వేరే, పాడ్ల క్లిప్పు లేదు."

"నేను చెప్పింది అదే గద!" అనెను వైద్యుడు.

అసత్యము కాదు. నేను వ్రేళ్లపై లెక్కించి చూచితిని: తొమ్మిదింటిలో ఆ రెండును ఉండెను. జాతకములు చెప్పువారు ఇంతకన్న తక్కువకే శాలువలు కప్పించుకొనుచున్నారు. ఈయన పుచ్చుకొన్నది ఒక్క చాయ్. అదియు చక్కెర తక్కువ. కుర్రవాడు వ్రేలు తుడుచుకొని, మెల్లగా నడిపినచో వడ్డెమాను పోయి రావచ్చునని అభయమిచ్చి, షెడ్డులోనికి పోయెను. వానికి చాయ్ ఇప్పించుట నాకును తోచలేదు, వైద్యునికిని తోచలేదు.

నేను తిరిగి బండి యెక్కుచుండగా, ఆకుపచ్చ నంబరు పలక గల క్రొత్త కారొకటి వచ్చి దుకాణము ముందర నిలిచెను. అది వచ్చినదని మాకు తెలిసినది కంటితోనే గాని చెవితో గాదు. వైద్యుడు చాయ్ గ్లాసు బల్లపై నుంచి లేచెను, కారు చుట్టు నొకసారి తిరిగెను, బానెట్టుపై చెవి యానించెను, ముఖము చిన్నబోయెను. పిదప అద్దముపై తట్టి, లోపలి యువకునితో మిక్కిలి దయగా ననెను:

"ఏం బిడ్డా, ఎన్ని దినాల సంది సప్పుడు బందైంది?"