ఎరువుల కొట్టు ఎడిటరు గారు

నరసరావుపేటలోనో మాచర్లలోనో పురుగుమందుల కొట్టు నడిపేవాళ్లలో ఒక రకం ఉంటారు. గల్లాపెట్టె ముందు కూర్చున్నంతసేపూ వ్యాపారి. చేతికి ఫోను అందిందా, సంపాదకుడు.

రైతు మిరప కొమ్మ తెచ్చి బల్ల మీద పడేస్తే ఈయన ఆకు తిరగేస్తాడు, పూత తుంచి తెల్ల కాయితం మీద దులుపుతాడు. కాయితం మీద నల్లగా ఏవో కదుల్తాయి. "నల్ల తామర పురుగు మావా. పూతలోనే కాపురం పెట్టింది. ముందు నీలం జిగురు అట్టలు కట్టు, మందు సంగతి తర్వాత చూద్దాం. పక్క చేలో వాళ్లకీ చెప్పు, నువ్వొక్కడివే కడితే లాభం లేదు." అంతే. 2021-22లో ఆ పురుగు గుంటూరు, పల్నాడు తోటల్ని ఊడ్చిపెట్టిన నాటి నుంచీ ఈ మాట చెప్పి చెప్పి నోటికి అరిగిపోయింది.

ఆ నాలుగు ముక్కలే ఖాతాదార్లకు రాయమనండి. "సమస్త రైతు సోదర సోదరీమణులకు, శ్రేయోభిలాషులకు హృదయపూర్వక నమస్సుమాంజలులు" దగ్గర బయల్దేరి, కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి దణ్ణం పెట్టి, బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గర ఆగుతాడు. "ఆ మహనీయుని స్ఫూర్తితో మా కొట్టులో అందరికీ ఒకటే రేటు" అని రాస్తే, గుమాస్తా అడగనే అడిగాడు: "అరువు వాళ్లకీ అదే రేటా అయ్యగారూ?"

"అది సాహిత్యంరా. రేట్ల పట్టిక వేరే ఉంది."

ఇదంతా మొదట్లో వాట్సాప్‌లోనే సాగింది. బ్రాడ్‌కాస్టు జాబితా 256 మంది దగ్గర ఆగిపోతుందనీ, ఈయన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుందనీ తెలిసి నొచ్చుకున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు "ఈమెయిల్ పెట్టు నాన్నా" అంది. 1978 మేలో గ్యారీ థర్క్ అనే అమెరికా కంప్యూటర్ల అమ్మకందారు ఒక్క దెబ్బకు దాదాపు 400 మందికి మెయిల్ పంపాడనీ, తిట్లు తిన్నాడనీ, సరుకూ అమ్ముకున్నాడనీ చెప్పింది. నాన్నకు చివరి ముక్కే వినపడింది.

అరువు పుస్తకం వెనక పేజీల్లో రైతుల ఐడీలు రాయించాడు. ఊళ్లల్లో ఈమెయిల్ ఐడీ అంటే కొత్త ఫోను కొన్ననాడు సెల్ పాయింటు కుర్రాడు తెరిచిపెట్టింది. పేరు రైతుది, పాస్‌వర్డు కుర్రాడిది. పేరు పక్కన అంకెలు ఆ కుర్రాడి బండి నంబరు.

మొదటి సంచిక శీర్షిక "మనవి". ఎవరూ తెరవలేదు. రెండోది "ముఖ్య మనవి". మూడోది "అతి ముఖ్య మనవి, తప్పక చదవగలరు". లోపల ఎర్ర అక్షరాలు, ఆకుపచ్చ అక్షరాలు, కళ్లజోడుతో ఫొటో. కొట్టు చిరునామా లేదు, ఫోను నంబరూ లేదు. "పేటలో మనల్ని ఎరగనోడెవడు?" అట్టల సంగతి ఉంది గానీ, ఎక్కడో అట్టడుగున, "ఇతర విశేషాలు" కింద, మనవడి పుట్టినరోజు తర్వాత.

కూతురు సెలవుకు వచ్చి లెక్క తీసింది. క్రమం తప్పకుండా, చివరంటా చదువుతున్న పాఠకుడు ఒక్కడే తేలాడు. ఎదురు కొట్టాయన. ఆయనకు గౌరవ ప్రతి పంపుతున్నది ఈయనే.

"నాన్నా, గల్లా దగ్గర ఎట్టా చెప్తావో అట్టాగే రాయొచ్చు కదా" అంది.

"గల్లా దగ్గర మాట్లాడేది భాషా?" అన్నాడాయన.

అప్పటికే ఎదురు కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. గుమ్మానికి పలక వేలాడుతోంది. సుద్దముక్కతో రాసిన రెండు వరుసలు: "మిరప పూతలో నల్ల పురుగా? నీలం అట్టలు వచ్చినయ్." ఎడిటరు గారు అరుగు మీద నిలబడి, కళ్లజోడు సర్దుకుని, రెండుసార్లు చదివాడు.

"ఒక నమస్కారం లేదు, ఒక ముగింపు లేదు. ఈడికి రాయడం ఎప్పటికొస్తుందిరా?"