పెట్టుబడి లేనివాడి పెట్టుబడిదారులు

హైదరాబాద్‌లో ఇప్పుడు ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట ఒకటుంది: "మాది బూట్‌స్ట్రాప్డ్ అండీ." బయటివాళ్ల దగ్గర పైసా పెట్టుబడి తీసుకోకుండా సొంత కాళ్ల మీద కంపెనీ నడుపుతున్నామని దాని భావం. మాదాపూర్‌లో ఈ మాట చెప్పినవాడి చాయ్ డబ్బులు పక్కవాడే ఇస్తాడనుకోండి, అది వేరే సంగతి.

బయటి పెట్టుబడి లేని మాట నిజమే. లోపలి పెట్టుబడిదారుల జాబితానే కొంచెం పొడుగు. రిటైరైనప్పుడు నాన్నకొచ్చిన పీఎఫ్ ఉంటుంది. తాకట్టులో అమ్మ గాజులుంటాయి. ఫ్లాటు ఈఎంఐ, పిల్ల స్కూలు ఫీజు, పాలవాడి బాకీ, అన్నీ మోసే భార్య జీతం ఉంటుంది. స్టార్టప్ భాషలో దీన్ని ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ రౌండ్ అనాలి. ఇంట్లో మాత్రం "ఇంకెన్నాళ్లండీ?" అంటారు. వెంచర్ క్యాపిటలిస్టయితే ఇచ్చినదానికి వాటా రాయించుకుంటాడు, మూడు నెలలకోసారి కూర్చోబెట్టి లెక్క అడుగుతాడు. ఇల్లాలు ప్రతి ఒకటో తారీఖునా డబ్బిచ్చి, లెక్క అడిగితే "నీకు అర్థం కాదులే" అనిపించుకుంటుంది. ఆవిడకు షేరు లేదు, బోర్డులో సీటు లేదు, లింక్డిన్ పోస్టులో పేరూ లేదు.

కాబట్టి సొంత డబ్బుతో కంపెనీ పెట్టే తమ్ముళ్లకు నా మొదటి సలహా: ఇంటివాళ్లు ఎంత ఇస్తున్నారో, ఎప్పటిదాకా ఇవ్వగలరో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఇక్కడ చట్టం కూడా గడుసుదే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి డైరెక్టరుగానీ, ఆయన బంధువుగానీ అప్పివ్వొచ్చు. కాకపోతే ఆ సొమ్ము తాము మళ్లీ అప్పు తెచ్చింది కాదని రాసివ్వాలి. గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఏ గడిలో రాయాలో మీ ఆడిటర్‌నే అడగండి. ఆయనకూ ఫీజు బాకీ ఉన్నారు కాబట్టి ఓపిగ్గా చెబుతాడు.

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు కుర్రాడు గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం మానేసి ఈ దారి పట్టాడు. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లుండాలి గనక వాళ్లమ్మగారు డైరెక్టరయ్యారు. ఆవిడ డిజిటల్ సంతకం ఉండే డాంగిల్‌ను పెన్‌డ్రైవ్ అనుకుని టీవీకి గుచ్చి, అన్నమయ్య కీర్తనలు ఎందుకు రావడం లేదని నన్ను పిలిపించారు. కంపెనీ పెట్టడానికి లక్ష రూపాయల మూలధనం ఉండితీరాలన్న నిబంధనను 2015లోనే తీసేశారు. పెట్టడం తేలిక, ఉంచుకోవడమే ఖర్చు. వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా లెక్కలు దాఖలు చేయాల్సిందే. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, అదీ ఇంతకు మించకూడదన్న పరిమితి లేకుండా. సేవలు అమ్మేవాళ్లకు మామూలుగా ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా జీఎస్టీ నంబర్ అక్కర్లేదు. మనవాడు మాత్రం విజిటింగ్ కార్డు మీద బాగుంటుందని మొదటి వారమే తీసుకున్నాడు. ఇక నెలనెలా "ఏమీ అమ్మలేదు" అని ప్రభుత్వానికి విన్నవించుకోవడం, ఆ విన్నపం ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు చెల్లించుకోవడం!

స్టార్టప్‌లకొచ్చే పెట్టుబడి మీద 2012లో తెచ్చిన ఏంజెల్ ట్యాక్స్‌ను 2024 బడ్జెట్‌లో ఎత్తేశారని తెలిసిన రోజు ఈ కుర్రాడు స్వీట్లు పంచాడు. అతనికి ఏంజెలూ లేడు, ట్యాక్సూ లేదు. అయినా పండగ పండగే.

తరువాత ఆరు నెలలు ప్రోడక్ట్ కట్టాడు. ఇరవై లక్షల మంది ఒకేసారి వచ్చిపడినా తట్టుకునేలా కుబర్నెటీస్, మైక్రోసర్వీసెస్, ఇంకా నా నోరు తిరగనివి చాలా. మొదట్లో క్లౌడ్ కంపెనీ క్రెడిట్లు ఉచితంగా ఇచ్చింది. అవి అయిపోయాక వచ్చిన బిల్లు చూసి నాన్నగారు బీపీ మాత్ర ఒకటి ఎక్కువ వేసుకున్నారు. వాడుతున్నది మొత్తం ముప్పయ్యొక్క మంది. అందులో నేనొకణ్ని, పాస్‌వర్డ్ మర్చిపోయాను. ఒక చిన్న సర్వర్, ఒక డేటాబేస్ చాలు నాయనా అని చెప్పే పెద్దవాడు స్టార్టప్ మీటింగుల్లో దొరకడు. దొరికినా స్టేజీ ఎక్కనివ్వరు.

ఇక అసలు కథ. ప్రోడక్ట్ అంటే కాలేజీల కోసం చేసిన యాప్. మొదటి కస్టమర్ నగరంలో పేరున్న ఒక జూనియర్ కాలేజీ. యాప్ చేసే పని ఒకటే: ఫీజు బకాయి ఉన్న విద్యార్థి తండ్రికి రోజూ ఉదయం ఏడింటికి మెసేజ్ పంపడం. అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తండ్రులు పరుగెత్తుకొచ్చి కడుతున్నారు. యాప్ చేసినవాడి బిల్లు మాత్రం ఎనిమిది నెలలుగా పెండింగ్.

ఒకరోజు తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నావిడ లంచ్ బాక్స్ మూత పెడుతూ చెప్పింది.

"బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్ లేదు బాబూ."

"పీఓ మీరింకా ఇవ్వలేదు మేడమ్."

"అందుకేగా నంబర్ లేదంటున్నా. పీఓ ఉంటేనే చెక్కు రాస్తాం."

"పీఓ ఎవరివ్వాలి?"

"సార్ ఇవ్వాలి."

"సార్ ఎప్పుడొస్తారు?"

"క్యాంపులో ఉన్నారు. సోమవారం కనుక్కో."

ఏ సోమవారమో ఆవిడ చెప్పలేదు, అతను అడగలేదు.

బిల్లు 2 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 36 వేలు. బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా ప్రభుత్వానికి కట్టేయాలి. కాలేజీ నుంచి డబ్బు వచ్చిందా లేదా అన్నది ప్రభుత్వానికి అనవసరం. అంటే చేతికి రాని సొమ్ము మీద పన్ను చేతి నుంచి పోయింది. అమ్మగారి రెండో జత గాజులు అలా బ్యాంకు లాకరు చూశాయి.

చట్టం లేదా అంటే నిక్షేపంలా ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకున్న చిన్న సంస్థకు ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యం చేస్తే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. ఫిర్యాదుకు పోర్టల్ కూడా పెట్టారు. ఇదంతా ప్రతి చిన్న వ్యాపారికీ తెలుసు. ఫిర్యాదు చేసినవాడికి రెండో ఆర్డరు రాదనీ తెలుసు.

"ఒక పని చెయ్. బకాయిల జాబితాలో ఆ కాలేజీ ఛైర్మన్ నంబరే ఎక్కించు. రోజూ ఏడింటికి మెసేజ్ వెళుతుంది" అన్నాను. "భలేవారే అంకుల్" అని నవ్వాడుగానీ చేయలేదు. మర్యాదస్తుడు. సొంత డబ్బుతో కంపెనీ నడిపేవాడికి మర్యాదను మించిన దుబారా లేదని నా అభిప్రాయం. సగం అడ్వాన్సు తీసుకోకుండా లాప్‌టాప్ తెరవొద్దు. పీఓ చేతికి రాకుండా పని మొదలెట్టొద్దు. ఏడాది చందా ముందే కడితే కొంత తగ్గిస్తానని చెప్పాలి. "మనవాళ్లే కదా, ముందు ఫ్రీగా ఇవ్వు, నచ్చితే చూద్దాం" అన్నవాడికి నమస్కారం పెట్టి లిఫ్ట్ దాకా సాగనంపాలి. నచ్చిందని చెప్పడానికి వాళ్లకు ఖర్చేమీ లేదు.

ముందు డబ్బు సంగతి చూసుకోమంటే కుర్రాళ్లు వెంటనే శ్రీధర్ వెంబును చూపిస్తారు. చూపించాల్సిన మనిషే. బయటి పెట్టుబడి లేకుండా సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహోను అంత చేశాడు, తెన్‌కాశి దగ్గర పల్లెలో సైకిల్ తొక్కుతున్నాడు. అయితే ఆ కంపెనీ 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై, నెట్‌వర్క్ పరికరాల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మి, ఆ డబ్బుతోనే పెరిగింది. ఆయన పల్లెకు మకాం మార్చింది 2019లో. మనవాళ్లు సైకిల్‌తో మొదలెడతారు. స్టాక్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా పెట్టిన నితిన్ కామత్‌దీ వెంబు లాంటి కథే. 2010లో కంపెనీ పెట్టేనాటికి కాల్ సెంటర్లో పనిచేసి, సబ్ బ్రోకర్‌గా ఉండి, ఏళ్ల తరబడి ట్రేడింగ్‌లో తల బొప్పి కట్టించుకున్న మనిషి. ఆ భాగం ఎవరూ షేర్ చేయరు.

పత్రిక చదివే పెద్దమనుషులకు ఒక మనవి. మీ ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో ఇలాంటి ఏ కుర్రాడి బిల్లయినా ఫైలు కింద నలుగుతుంటే ఈరోజే తీసి సంతకం పెట్టండి. సార్ క్యాంపు నుంచి ఎప్పుడో వచ్చేశారని మాకు తెలుసు.