అరచేతిలో గ్రంథాలయం

అనంతపురం జిల్లాకు వాన ఆలస్యంగా వస్తుందేమో గానీ, పథకం మాత్రం ఎన్నడూ ఆలస్యం కాలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ మెట్టనేలలో పథకాలను కొలిచే రెయిన్ గేజ్ ఒకటి పెట్టి ఉంటే చిరపుంజి సిగ్గుతో తల దించుకునేది. ఆ కుంభవృష్టిలో ఈమధ్య తరచుగా కురుస్తున్న జల్లు పేరు డిజిటల్ గ్రంథాలయం.

ఏలినవారి వాదన తేటగా ఉంటుంది. పుస్తకాలన్నీ నెట్‌లోకి ఎక్కేశాయి, పత్రికలన్నీ ఫోన్‌లోకి దిగిపోయాయి. ఇంకా బీరువాలెందుకు, బల్లలెందుకు, వాటి వెనక కళ్లజోడు సర్దుకుంటూ కూర్చునే గ్రంథాలయాధికారి ఎందుకు? సెల్లున్న ప్రతివాడి అరచేతిలోనూ గ్రంథాలయం ఉంది కదా! ఒప్పుకున్నాం. అరచేతిలో వైకుంఠం చూపించడం మన నాయకులకు వెన్నతో పెట్టిన విద్య. గ్రంథాలయం వైకుంఠం కంటే చిన్నదే కాబట్టి ఇంకా సులువుగా పడుతుంది.

ఈ వాదనలో ఒక గొప్ప సుగుణం ఉంది. దీనికి పైసా ఖర్చు లేదు. గ్రంథాలయాధికారి రిటైరైతే ఆ కుర్చీని నింపనక్కర్లేదు, 'కాలం మారింది' అంటే సరిపోతుంది. ఒకే మనిషిని మూడు ఊళ్ల శాఖలకు ఇన్‌చార్జిని చేస్తే అది సిబ్బంది కొరత కాదు, ఆధునికీకరణ. తలుపులు ఒక పూటే తెరుచుకుంటే అది సగం మూసివేత కాదు, ఆన్‌లైన్‌కు మళ్లడం. కొత్త పుస్తకాలు కొనకపోతే అది పర్యావరణ పరిరక్షణ. నలభై ఏళ్ల కిందటి మార్కెట్ గైడు ఒక్కటే బీరువాలో మిగిలితే దాన్ని వారసత్వ సంపద అనుకోవాలి.

పాపం, డబ్బు లేక ఇలా చేస్తున్నారేమో అని జాలిపడే అమాయకులకు ఒక పాత చట్టాన్ని గుర్తు చేయాలి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తోందన్నమాట. ఆ ఇంట్లో చదువరి ఉన్నా లేకపోయినా, ఆ ఏడు వేరుశనగ పండినా ఎండినా సరే. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఈ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు వరకు చట్టం చక్కగా అమలవుతోంది. జమ దగ్గరకొచ్చేసరికే కాళ్లీడుస్తోంది. స్థానిక సంస్థల దగ్గర సెస్సు బకాయిలు పేరుకుపోవడం, గ్రంథాలయ సంస్థలు వాటికోసం లేఖల మీద లేఖలు రాయడం రాష్ట్రమంతా ఉన్న ముదిరిన రోగం.

డిజిటల్ మహత్యం ఎక్కడైనా చూడాలనుకుంటే ఇక్కడే చూడాలి. ఇంటిపన్ను కట్టడానికి ఇప్పుడు ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. ఫోన్ తీసి నాలుగంకెల పిన్ కొడితే, సెస్సు పైసలతో సహా రెప్పపాటులో ప్రభుత్వ ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉన్న గ్రంథాలయ సంస్థకు చేరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. మన జేబులోంచి తీసేటప్పుడు పరుగెత్తిన టెక్నాలజీకి, గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు సిగ్నల్ దొరకదు.

ఈలోగా ఏదో ఒక శాఖా గ్రంథాలయంలో పొద్దున్నే సాగే మాటలు ఎలా ఉంటాయో ఊహించుకోవడం పెద్ద కష్టం కాదు.

"ఏమప్పా, ఈ పొద్దు పేపర్లు రాలేదా?"

"బిల్లు కట్టలేదని ఏజెంటు ఆపేసినాడు పెద్దాయనా. ఆన్‌లైన్‌లో చదువుకోమంటున్నారు."

"ఆన్‌లైన్ యాడుంది?"

"అదో, ఆ కంప్యూటర్లో."

"అయితే తెరువు, చూస్తాం."

"నెట్టు రాదు పెద్దాయనా. దాని బిల్లు కూడా కట్టలేదు."

పెద్దాయన కండువా దులుపుకొని వెళ్లిపోయాక కూడా ఆ గది ఖాళీగా ఉండదు. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు వస్తారు. 2025లో మెగా డీఎస్సీ పేరుతో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అలాంటి రోజుల్లో గ్రంథాలయంలో పుస్తకం కంటే కుర్చీకే గిరాకీ ఎక్కువ. ఈ పిల్లలు నికార్సయిన డిజిటల్ తరం. పాఠం యూట్యూబ్‌లో వింటారు, పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో తెచ్చుకుంటారు, మాక్ టెస్ట్ ఫోన్‌లో రాస్తారు. ఏలినవారి లెక్కన వీళ్లు గ్రంథాలయం గడప తొక్కకూడదు. తీరా చూస్తే అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆలస్యంగా వెళ్లేది వీళ్లే. వాళ్లకు కావలసింది ఒక బల్ల, తిరిగే ఫ్యాను, చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు, తాగడానికి నీళ్లు, ఆడపిల్లలకు గడియ పడే మరుగుదొడ్డి, ఎవరూ అరవని నాలుగు గంటలు. ఇంత అభివృద్ధిలోనూ వీటిలో ఒక్కటి కూడా డౌన్‌లోడ్ కావడం లేదు.

ఈ రకం విన్యాసాలకు మన జిల్లా బాగా అలవాటు పడింది. 2016 ఆగస్టులో వేరుశనగ వాడిపోతుంటే పొలాల్లోకి రెయిన్ గన్‌లు దిగాయి. ముఖ్యమంత్రి స్వయంగా జిల్లాలో మకాం వేశారు. గొట్టాలు నీళ్లు చిమ్మాయి, కెమెరాలు మెరిశాయి, కరువు మీద గెలిచామన్నారు. ఆ గన్నులోకి నీళ్లెక్కడి నుంచి వస్తాయని అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడయ్యాడు. ఆ ఏడాదే అప్పటి ఉమ్మడి జిల్లాలోని 63 మండలాలనూ కరువు మండలాలుగా ప్రకటించారు. ఇందులో గన్ను తప్పేమీ లేదు. నీళ్లున్నచోట అది మంచి యంత్రమే.

ఆ ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చింది. ఊరూరా డిజిటల్ లైబ్రరీ కడతామంది. తొలివిడతగా 4,530 అని అంకె కూడా చెప్పింది. ఊళ్లోనే కూర్చొని ఐటీ ఉద్యోగం చేసుకోవచ్చని ఊరించింది. కొన్ని లేచాయి, చాలాచోట్ల పునాదుల దగ్గరో స్లాబు దగ్గరో ఆగిపోయాయి. తర్వాత ఆ ప్రభుత్వమూ పోయింది. ఆ ప్రకటనల్లో కంప్యూటర్ల సంగతి, కేబుల్ సంగతి మోగినంతగా, అందులో కూర్చోవలసిన మనిషి సంగతి వినిపించలేదు. గన్ను ఒక పార్టీది, గది ఇంకొక పార్టీది. నీళ్ల సంగతి అడగొద్దన్న చోట మాత్రం రెండు పార్టీలూ ఒక్కటే.

'అయినా తెలుగు పుస్తకాలన్నీ నెట్‌లో ఉన్నాయి కదా!' అనేవాళ్లుంటారు. ఉన్నాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి వంటివారి చొరవతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలై, వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. గొప్ప పని. కాదన్నవాడు కృతఘ్నుడు. కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి చెవికి తోచినట్టు వాళ్లు కొట్టారు. రచయిత పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. కొన్నింట్లో పుటలు మాయం. వెతికితే దొరకని పుస్తకం ఉన్నా లేనట్టే కాబట్టి, చివరికి తెలుగు వికీపీడియా ఔత్సాహికులు కూర్చొని ఆ జాబితాలను తెలుగులో తయారు చేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కాపీరైటు చిక్కులతో అసలు సైటే మూతపడింది. ముందుచూపుతో ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినవాళ్ల పుణ్యాన పుస్తకాలు బతికి బట్టకట్టాయి.

యంత్రం పుటను బొమ్మ తీస్తుంది. అది ఎవరి పుస్తకమో, ఏ కూర్పో, దేని గురించో తేల్చడానికి చదివే మనిషి కావాలి. ధర్మవరం దగ్గరి రాఘవంపల్లెలో పుట్టిన తిరుమల రామచంద్ర తాళపత్రాల భాండాగారాల్లో చేసింది ఆ పనే. ఒక్కొక్క ప్రతినీ చదివి, గుర్తుపట్టి, వివరం రాసిపెట్టడం. ఈ నేల అలాంటివాణ్ణి కన్నది. ఇప్పుడు అదే నేల మీద, ఆ పని కంప్యూటర్ చూసుకుంటుందని చెప్పి కుర్చీ ఖాళీగా ఉంచుతున్నారు.

గ్రంథాలయాలవాళ్లు కొత్త సాధనాలంటే బెదిరేవాళ్లు కారు. 1931లో తమిళనాట మన్నార్‌గుడి ప్రాంతంలో ఎద్దులబండి మీద పుస్తకాలు ఊళ్లు తిరిగాయి. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. అప్పటికి బండీ పడవా ఉన్నంతలో మేలైన సాధనాలు, వాటిని వాడుకున్నారు. పుస్తకాలు పడవలో పడేసి, తాడు విప్పి, 'ఇంక మీరే పొండి' అని మాత్రం అనలేదు. ఏ రేవులో ఎవరు ఏం అడుగుతారో తెలిసిన మనిషి వాటి వెంట వెళ్లాడు.

ఆ మహానుభావులందరికీ ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గౌరవం దక్కుతుంది. గ్రంథాలయ వారోత్సవాలు! గ్రంథాలయోద్యమ పెద్దలు అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి, రంగనాథన్‌ల పటాలకు దుమ్ము తుడిచి దండలు వేస్తారు. సంస్థ చైర్మన్ గారు ప్రసంగిస్తారు. ఆ కుర్చీ నామినేటెడ్ పదవి కాబట్టి, ప్రభుత్వం మారినప్పుడల్లా గ్రంథాలయంలో కచ్చితంగా కొత్తగా వచ్చేది ఆయనొక్కరే. పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతారు. అంశం 'డిజిటల్ యుగంలో గ్రంథాలయాల ప్రాధాన్యం'. ఏడు రోజులు ప్రాధాన్యం, మిగతా 358 రోజులు డిజిటల్.

ఇంతకీ మిగిలి ఉన్న ఆ ఒక్క గ్రంథాలయాధికారి పొద్దంతా ఏం చేస్తారు? ముందు తలుపు తెరిచి, ఫొటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి, తాము వచ్చామని నిరూపించుకుంటారు. తర్వాత అసలు పని మొదలవుతుంది. రైతు వచ్చి ఈ-పంటలో తన పేరుందో లేదో చూడమంటాడు. ఇంకొకరికి మీభూమి సైటులో అడంగల్ కావాలి. ఒకమ్మాయికి హాల్ టికెట్ దిగడం లేదు. ఒక కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని మెసేజీ వచ్చింది, డిపాజిట్ కట్టమంటున్నారు, అది నిజమా మోసమా చెప్పాలి. 2025లో ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. సంతోషం. ఆ వాట్సాప్‌తో ఎలా మాట్లాడాలో తెలియని అవ్వ ఎవరి దగ్గరికి పోవాలి?

పౌర గ్రంథాలయం మొదటినుంచీ చేస్తున్నది ఇదే. అడిగినవాడికి అవసరమైనది వెతికి, నమ్మదగ్గదేదో చూపి, డబ్బులడగకుండా చేతిలో పెట్టడం. సమాచారం తక్కువున్న రోజుల్లో ఒక మనిషి కావలసి వస్తే, అబద్ధంతో కలిసి అది వరదలా వచ్చి పడుతున్నప్పుడు ఇద్దరు కావాలి. ఉన్న ఒక్కరినీ తీసేసి దానికి డిజిటల్ విప్లవమని పేరు పెట్టే తెలివి మనవాళ్లకే చెల్లింది.

ఫిన్లాండ్‌ను చూడండని చెబితే, వాళ్లది చల్లటి దేశం, మనది వేరు అంటారు. సరే, రాయదుర్గం దాటి చూడండి. మనలాగే ఎండలో మాడే బళ్లారి, పావగడల రాష్ట్రం. కర్ణాటక తన 5,600కు పైగా గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి శాఖకు అప్పగించి, 2020లో 'ఓదువ బెళకు' పేరుతో పిల్లలకు ఉచిత సభ్యత్వం మొదలుపెట్టింది. డిజిటల్ పౌర గ్రంథాలయమూ తెరిచింది. అక్కడేదో స్వర్గం దిగిందని కాదు. అక్కడి సిబ్బందీ జీతాల కోసం గొంతెత్తినవాళ్లే. కానీ అక్కడ యంత్రం మనిషి పక్కన చేరింది, మనిషి కుర్చీలో కూర్చోలేదు.

కాబట్టి అనంతపురం పన్ను చెల్లింపుదారులారా, ఈసారి ఇంటిపన్ను కట్టినప్పుడు లెక్కలో గ్రంథాలయ సెస్సు ఎంతో చూసుకోండి. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి. గత అయిదేళ్లలో ఎంత సెస్సు వసూలు చేశారు? అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు? మన ఊరి గ్రంథాలయంలో ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీ? పంచాయతీకి రాస్తే ఫీజు కూడా అక్కర్లేదు, జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు. జవాబు 30 రోజుల్లో ఇచ్చి తీరాలి. పాపం, ఏలినవారికి కాగితం పాతబడిపోయింది కదా, ఆన్‌లైన్‌లో పంపినా మనకేమీ అభ్యంతరం లేదు.