ఇంతకీ నువ్వు ఏ బ్యాచ్?

మా మేనమామకు పొద్దున్నే రెండు పనులుంటాయి. కాఫీ తాగుతూ ఫోన్లో కమ్యూనిస్టులను తిట్టడం మొదటిది. కాఫీ అయిపోయాక, పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు నీళ్లెప్పుడొస్తాయని పేపర్లో వెతకడం రెండోది. ఒకరోజు ఉండబట్టలేక, “మామా, పూల సుబ్బయ్య ఎవరనుకున్నావు? మార్కాపురం ఎమ్మెల్యేగా చేసిన సీపీఐ నాయకుడు. నువ్వు పొద్దున్నించీ తిడతా ఉండావే, ఆ ఎర్రజెండా మనిషే” అన్నాను. మామ గ్లాసు కిందపెట్టి, కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. “ఆయన కమ్యూనిస్టు ఎట్టయితాడురా? మంచోడైతే.”

నేను ఇంకేం మాట్లాడలేదు. కమ్యూనిస్టు అంటే భూమి గురించో కూలి గురించో ఫలానా అభిప్రాయం ఉన్నవాడని మామకు ఎవరూ చెప్పలేదు. ఆయన ఫోన్లో అది ఒక జబ్బు పేరు. జబ్బు ఉన్నవాళ్లు మంచి పని చేయరు, చేస్తే జబ్బు లేనట్టే లెక్క. ఈ పద్ధతిలో ప్రపంచంలో ఎవరికైనా పరీక్ష చేయకుండానే రిపోర్టు ఇవ్వొచ్చు.

మా దగ్గర ముద్రలు ఎప్పుడూ ఇంత చవగ్గా దొరికేవి కావు. నల్లమల అంచు ఊళ్లలో ఒకప్పుడు రాత్రిపూట అన్నలు వచ్చి అన్నం అడిగేవాళ్లు. తుపాకీ భుజానేసుకుని అడిగితే అన్నం లేదనే ఇల్లు ఉండదు. తెల్లారి పోలీసులు వచ్చి రాత్రి అన్నం ఎవరు పెట్టారని అడిగేవాళ్లు. వాళ్లకూ మంచం వాల్చి మంచినీళ్లివ్వాల్సిందే. అన్నం పెట్టినందుకు పోలీసు కాగితాల్లో ‘సానుభూతిపరుడు’. మంచినీళ్లిచ్చి నాలుగు మాటలు మాట్లాడినందుకు దళం లెక్కల్లో ‘ఇన్‌ఫార్మర్’. మనిషి ఒకడే, వంటిల్లు ఒకటే. మొదటి ముద్ర పడితే స్టేషన్‌కు పోయేవాడు. రెండోది పడితే ఊరిబయట శవం, దాని మీద కరపత్రం. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఆ రోజుల్లో ఆ ఊళ్లవాళ్లు ఎవరినైనా ఒక మాట అనేముందు అటూ ఇటూ చూసేవాళ్లు.

2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు ప్రభుత్వంతో చర్చలకని చినఆరుట్ల దగ్గర అడవి దిగారు. హైదరాబాద్‌లో నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. 2005 జనవరికి ఆ ముచ్చట తెగిపోయింది. తర్వాత కొన్నేళ్లకు అడవీ సద్దుమణిగింది. దళాలు పోయాయి, కూంబింగులు తగ్గాయి. వాళ్ల మాటలు మాత్రం పనిలేక ఊళ్లోకి దిగాయి, పార్టీలు వాటిని పిలిచి ఉద్యోగాలిచ్చాయి.

‘కోవర్టు’నే చూడండి. దళంలో ఉంటూ దళాన్ని పట్టించే మనిషికి పెట్టిన పేరది. ఆ పేరు పడ్డవాడు మళ్లీ పొద్దు చూస్తాడన్న నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు పోలింగ్ రోజు మధ్యాహ్నం అవతలి పార్టీ టెంటు కింద బిర్యానీ తిన్న బూత్ ఏజెంటు కోవర్టు. ఫ్లెక్సీలో అన్న ఫొటో కన్నా తన ఫొటో పెద్దది వేయించుకున్న కుర్రాడు కోవర్టు. అవతలి పార్టీవాళ్ల పెళ్లికి పోయి చదివింపులు ఎక్కువ రాయించినవాడు పెద్ద కోవర్టు. వీళ్లంతా సాయంత్రానికి అదే టీకొట్టు దగ్గర కనబడతారు, నిక్షేపంగా.

‘సానుభూతిపరుడు’కు పేపర్లలో శాశ్వత కొలువు దొరికింది. గడ్డివామి తగలబడితే మంటలు ఆర్పకముందే దాని పార్టీ తేల్చాలి. టీడీపీ సానుభూతిపరుడి వామి దగ్ధమైందని ఒక పేపరు రాస్తే, వైసీపీ సానుభూతిపరుడి బోరు ధ్వంసమైందని ఇంకోటి రాస్తుంది. వామి పోగొట్టుకుని నెత్తిన చెయ్యి పెట్టుకున్న రైతుకు ఎవరైనా సానుభూతి చూపితే బాగుండునని ఉంటుంది. పేపరు చూస్తే, చూపాల్సింది ఆయనేనని రాసి ఉంటుంది.

ఎర్రజెండాల వాళ్లను వెనకేసుకొస్తున్నాననుకునేరు. ఈ విద్యలో వాళ్లు మనందరికీ గురువులు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎం వాళ్లు సీపీఐని రివిజనిస్టులన్నారు. నక్సల్బరీ తర్వాత ఎంఎల్ వాళ్లు సీపీఎంను నయా రివిజనిస్టులన్నారు. ఆ ఎంఎల్ ఎన్ని ముక్కలైందో లెక్కపెట్టేలోపు ప్రతి ముక్కా మిగతా ముక్కలన్నింటికీ అదే పేరు పెట్టింది. మార్కాపురం పలకల కార్మికుడికి కూలి పెరిగిందా లేదా అన్నది ఒక్కటే కావాలి. రివిజనిస్టు పెంచినా, అసలు సిసలు విప్లవకారుడు పెంచినా రూపాయి బరువు ఒకటే.

ఇక ‘సెక్యులర్’. మామ ఫోన్లో ఆ మాట ఎప్పుడూ తిన్నగా కనబడదు, అక్షరం వంకర తిప్పి, రోగం వచ్చినట్టు రాస్తారు. ‘సోషలిస్టు’కూ అదే గతి. 1976లో 42వ సవరణతో ఆ రెండింటినీ రాజ్యాంగ పీఠికలో చేర్చారు. ఆ సంగతి మామకు తెలుసు, అందుకనే కోపం. ఆయనకు తెలియనిది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ అనే సెక్షన్. ఎన్నికల సంఘం దగ్గర పార్టీ రిజిస్టర్ కావాలంటే సోషలిజానికి, సెక్యులరిజానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని తన నిబంధనావళిలో రాసుకోవాలి. కమలం, సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు, అన్నీ అట్టా రాసుకున్నవే. అంటే చట్టం లెక్కన ఈ దేశంలో రిజిస్టరైన పార్టీలన్నీ సెక్యులర్ సోషలిస్టు పార్టీలు. ఇదంతా చదివి వినిపిస్తే మామ చాలాసేపు పలకలేదు. ఆఖరికి, “బ్యాంకు లోను కాగితాలన్నీ చదివే సంతకం పెడతన్నామా?” అన్నాడు. దీనికి సుప్రీంకోర్టు దగ్గర కూడా జవాబుండదు.

ఇంగ్లండులో కథ ఎదురు నడిచింది. ‘టోరీ’ అంటే మొదట్లో ఐర్లండులో దారిదోపిడీ చేసే దొంగ. పదిహేడో శతాబ్దంలో ప్రత్యర్థులు ఆ పేరుతో తిడితే, తిట్టించుకున్నవాళ్లు దాన్నే తగిలించుకుని దర్జాగా రాజ్యం చేశారు. మనవాళ్లలో కూడా ఎవరైనా ధైర్యంచేసి, పోస్టుకు ఐదు రూపాయలు తీసుకుంటారని తిట్టే ‘పేటీఎం బ్యాచ్’ పేరుతో పార్టీ రిజిస్టర్ చేయిస్తారేమోనని చూస్తున్నాను. గుర్తు కోసం కష్టపడక్కర్లేదు, ప్రతి కొట్లోనూ అతికించే ఉంది.

పార్టీలదాకా ఎందుకు, మా యర్రగొండపాలెం నేలకే ఒక ముద్ర కుదర్లేదు. 1970 దాకా మాది కర్నూలు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా కట్టి మమ్మల్ని అందులో కలిపారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు మార్చారు. ఒంగోలు వాళ్లకు మేం సీమోళ్లం, కర్నూలు వాళ్లకు కోస్తావాళ్లం. ఒంగోల్లో కాస్త గొంతు పెంచితే ఫ్యాక్షనిస్టు. కర్నూల్లో పది రూపాయలకు బేరమాడితే కోస్తా తెలివి. ఇప్పుడు మార్కాపురం జిల్లా వచ్చింది గనక కొత్త పేరు తగిలేదాకా కొద్దిరోజులు తీరిక. ఏ ప్రభుత్వమొచ్చినా చెక్కు చెదరని ముద్ర మాకొకటుంది, ‘వెనుకబడిన ప్రాంతం’. అది తిట్టు కాదట, అర్హతట. నిధులు రావాలంటే అది ఉండాలట. అర్హత మాత్రం పుష్కలంగా ఉంది.

అన్నింటిలోకీ నాకు ‘ద్రోహి’ అంటే ప్రత్యేకమైన గౌరవం. దాని ముందు ఏది పెట్టినా అతుక్కుంటుంది. రైతు ద్రోహి, బీసీ ద్రోహి, సీమ ద్రోహి, పక్క రాష్ట్రంలో తెలంగాణ ద్రోహి. మాది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం గనక ఇక్కడ ‘దళిత ద్రోహి’కి గిరాకీ ఎక్కువ. 2023 ఏప్రిల్‌లో చంద్రబాబు యర్రగొండపాలెం వచ్చారు. అప్పటి మంత్రి ఆదిమూలపు సురేష్, దళితులను కించపరిచినందుకు క్షమాపణ చెప్పాలంటూ చొక్కా విప్పి రోడ్డు మీద నిరసనకు దిగారు. అటువాళ్లకు ఇటువాళ్లు ద్రోహులు, ఇటువాళ్లకు అటువాళ్లు ద్రోహులు. రాళ్లు లేచాయి. విసిరిందెవరన్న దాని మీద రెండు పార్టీలకూ గట్టి అభిప్రాయాలున్నాయి, అవి ఇంతవరకు కలవలేదు. ఆ సాయంత్రం నేను చూసిన టీవీ చర్చల్లో దళితుల మీద ప్రేమ వరదలై పారింది. ఈ మెట్టలోని మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఏళ్ల తరబడి తాగుతున్న ఫ్లోరైడ్ నీళ్ల మాట ఆ వరదలో ఎక్కడా తేలలేదు.

ఇన్ని ముద్రలు వేసుకుంటే మరి చెరపడమెట్లా అంటారా? దానికీ ఉపాయం ఉంది. 2014లో ఇక్కడ ఫ్యాను గెలిచింది. గెలిచిన ఎమ్మెల్యే మధ్యలో సైకిలెక్కారు. ఆ ఐదేళ్లలో రాష్ట్రంలో అట్టా ఎక్కినవాళ్లు 23 మంది. 2019లో సైకిలుకు వచ్చిన సీట్లూ 23, దేవుడికి లెక్కలొచ్చని మామ అంటాడు. ఆ ఎన్నికల వేళకు మన ఎమ్మెల్యే మళ్లీ ఫ్యాను కిందికే వచ్చారు. ఆయనకేం, కండువా మార్చుకుంటే సరిపోయింది. పాపం, ఆయన కోసం ఫోన్లో యుద్ధాలు చేసిన కుర్రాళ్ల పని అధ్వానం. పచ్చ బ్యాచ్ అని తిట్టినవాళ్లంతా తెల్లారేసరికి సొంత బ్యాచ్, మళ్లీ కొన్నాళ్లకు అదే పచ్చ బ్యాచ్. చేసేదేముంది, మార్కాపురం పలక మీద రాసినట్టు ఉమ్మేసి తుడవడం, మళ్లీ రాసుకోవడం. 2024లో ఫ్యాను రాష్ట్రమంతా కలిపి 11 సీట్లకు పడిపోయినా, ఉమ్మడి ప్రకాశంలో దర్శిలోనూ మా దగ్గరా నిలబడింది. దాంతో నియోజకవర్గం మొత్తం ఒకే బ్యాచ్ అని బయటివాళ్లు తేల్చేశారు. ఓడిన అభ్యర్థికి ఓటేసిన వేలమంది ఏ నియోజకవర్గంలో ఉన్నట్టో కనుక్కోవాలి.

ఈమధ్య దోర్నాల మండలంలో ఒక రైతు ఫోన్లో ఒక ప్రశ్న రాశాడు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. కొల్లంవాగు దగ్గర నుంచి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీళ్లు తెస్తామన్నారు. 2024 మార్చిలో ఆ జంట సొరంగాలను జాతికి అంకితమూ చేశారు. జాతి వచ్చింది, నాయకులు వచ్చారు, శిలాఫలకం వచ్చింది, నీళ్లెక్కడ? అంతే ఆయన అడిగింది.

అంకితం చేసిన పార్టీవాళ్లు ముందుగా వచ్చి పచ్చ బ్యాచ్ అన్నారు. ఇప్పుడు అధికారంలో ఉన్నవాళ్లు వచ్చి పేటీఎం బ్యాచ్ అన్నారు. పేటీఎం అయితే ఐదు రూపాయలు ఇంకా పడలేదేమని ఆయన అమాయకంగా అడిగాడు. నిర్వాసితులకు పరిహారం సంగతేంటని ఇంకో ముక్క చేర్చేసరికి హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో ఒక పెద్దమనిషి దిగి ‘అర్బన్ నక్సల్’ అని తేల్చాడు. హోం శాఖ ఆ మాటను వాడటం లేదని 2020లో రాజ్యసభలో అప్పటి సహాయమంత్రి కిషన్ రెడ్డిగారే చెప్పారు. మంత్రిత్వ శాఖ దగ్గర లేని సరుకు పెద్దమనిషి దగ్గర నిల్వ ఉన్నట్టుంది. రైతుకు మాత్రం కోపం రాలేదు. బస్సు ఆగే చెట్టే బస్టాండు అయిన ఊళ్లో కూర్చున్న తనను అర్బన్ అన్నారంటే పొలానికి రేటు పెరిగినట్టేనని సంబరపడ్డాడు. మొత్తం మీద జవాబులు చాలా వచ్చాయి. టీఎంసీ అన్న మాట ఉన్న జవాబు ఒక్కటీ రాలేదు.

మాటల్తో ఇంత గందరగోళం ఎందుకు, మీసేవలో ఇంకో సర్వీసు పెట్టేస్తే పోతుంది. కులం, ఆదాయం, నివాసం పత్రాలు ఎట్టాగూ ఇస్తున్నారు. ‘బ్యాచ్ ధ్రువీకరణ పత్రం’ కూడా ఇచ్చేయండి. దరఖాస్తులో మూడు గడులు చాలు. తాత రాత్రిపూట ఎవరికి అన్నం పెట్టాడు, తండ్రి ఏ గుర్తుకు ఓటేశాడు, దరఖాస్తుదారుడు ఆఖరుసారి ఏ పోస్టుకు లైకు కొట్టాడు. వీఆర్వో ఇంటికొచ్చి గోడ రంగు, బీరువాలో కండువాలు చూసుకుని సంతకం పెడతాడు. పత్రం చెల్లుబాటు ప్రభుత్వం మారేదాకా, లేదా ఎమ్మెల్యే మారేదాకా, ఏది ముందొస్తే అది. ఏ బ్యాచూ కాదని రాసిచ్చినవాళ్ల దరఖాస్తు కంప్యూటరు తీసుకోదు. మా వీధిలో ఒకాయన ఈ సర్వీసు వస్తుందని ఎవరో చెబితే విని అప్పుడే జిరాక్సులు తీయించి పెట్టాడు. పార్టీకొకటి చొప్పున సెట్లు కట్టి, పైన ఆయా రంగుల దారాలు చుట్టాడు. ఒక సెట్టు మాత్రం తెల్లదారంతో ఉంది. అదెవరికని అడిగితే, “ఇంకా పెట్టని పార్టీకి” అన్నాడు.